బేస్‌మెంట్ ఇంటి లోపలా, బయటా

ఆ నవంబర్‌లో నేను రోజుకి మూడుసార్లు బేస్‌మెంట్‌లోకి దిగేదాన్ని. పొద్దున ఆఫీసుకి బయలుదేరే ముందు ఒకసారి, సాయంత్రం ఇంటికి రాగానే ఒకసారి, అన్నాలు తిన్నాక ఇంకోసారి. అక్కడ నాకు వేరే పనేమీ లేదు. గోడలకీ, నేల మీదా, పైకప్పు దూలాలకీ పెట్టిన ఆరు చిన్న థర్మామీటర్లు చూసి, అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుని పైకి వచ్చేదాన్ని. కొత్తగా ప్రేమలో పడ్డ మనిషిలా ఉన్నావని మావారు ఏడిపించేవారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

పద్నాలుగేళ్లు అపార్ట్‌మెంట్లలో ఉన్నాం. మా నేల కింద ఎవరిదో పైకప్పు, మా పైకప్పు మీద ఎవరి కాళ్లో. గోడకి మేకు కొట్టాలన్నా అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగాలి. ఆ వేసవిలో, అమెరికాలో మేం ఉండే న్యూజెర్సీ ఊరు పిస్కాటవేలోనే, మా తెలుగు చర్చికి పది నిమిషాల దూరంలో, ఒకే అంతస్తున్న పాత ఇల్లు కొనుక్కున్నాం. అందరూ వంటగది చూసి మెచ్చుకునేవారు. నాకు మాత్రం బేస్‌మెంట్ నచ్చింది. పైకప్పుకి సీలింగ్ ఏమీ లేకపోవడంతో ఇంటి కడుపులో ఏముందో అంతా కనిపించేది. వరసగా దూలాలు, వాటి మధ్య వైర్లు, రాగి నీళ్ల గొట్టాలు, ఫర్నేస్ నుంచి గదులకి వేడి గాలి తీసుకెళ్లే పెద్ద రేకు గొట్టాలు. మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ నిలబడేదాన్ని.

అయితే చలి మొదలయ్యేసరికి రెండు ఇబ్బందులు బయటపడ్డాయి. ఒకటి, హాల్లో నేల మంచుగడ్డలా ఉండేది. సాక్సులు వేసుకున్నా అరికాళ్లు జివ్వుమనేవి. రెండోది చప్పుడు. మావారు హాస్పిటల్‌లో రెస్పిరేటరీ థెరపిస్ట్. వారంలో నాలుగు రాత్రులు డ్యూటీ, పగలు నిద్ర. మా చర్చికి సొంత హాలు లేదు. అద్దె హాలు ఆదివారం మాత్రమే ఇస్తారు. అందుకని శనివారం మధ్యాహ్నం క్వయర్ ప్రాక్టీస్ మా బేస్‌మెంట్‌లో పెట్టుకోమని, ఇల్లు కొన్న ఉత్సాహంలో నేనే మాటిచ్చేశాను. పద్నాలుగు మంది, ఒక కీబోర్డు, ఒక డోలక్. సరిగ్గా దాని పైనే మా బెడ్‌రూమ్.

రెండింటికీ ఒకటే మందు అనుకున్నాను: బేస్‌మెంట్ పైకప్పుకి ఇన్సులేషన్. ఒక కాంట్రాక్టర్‌ని పిలిస్తే, టార్చి వేసి చూసి, దూలాల మధ్య మెత్తటి దూది పరుపుల్లాంటివి కూరి, కింద డ్రైవాల్ అనే జిప్సం పలకలు కొట్టేస్తే పైన నేల వెచ్చబడుతుందనీ, పాటలు కూడా వినిపించవనీ చెప్పాడు. అతను వెళ్లేసరికే నా మనసులో సీలింగ్ తయారైపోయింది. దానికి ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాను.

సంతకం పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. నేను ఒక మందుల కంపెనీలో పని చేస్తాను. మాత్రలు ఎంత వేడిలో, ఎంత చలిలో ఎన్నాళ్లు నిలుస్తాయో చూసే విభాగం. ఇన్నేళ్ల ఆ పనిలో నాకు ఒకటే అలవాటైంది: ముందు కొలవడం, తర్వాత మాట్లాడటం. అందుకే ఆ ఆరు థర్మామీటర్లు.

"అమ్మా, ఇది హౌస్. టాబ్లెట్ కాదు," అంది పదిహేనేళ్ల మా అమ్మాయి. అయినా సాయంత్రం అంకెలు తనే చదివి చెప్పేది, నేను రాసుకునేదాన్ని. హాల్లో అరవై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు బేస్‌మెంట్ నేల దగ్గర యాభై రెండు. అదే బేస్‌మెంట్ పైకప్పు దగ్గర అరవై. నాకు ఆ అరవై అర్థం కాలేదు. హాల్లోని వేడి ఈ పైకప్పు గుండా కిందికి దిగిపోతుంటే ఒక మాట, బేస్‌మెంట్ గోడల గుండా బయటికి పోతుంటే ఇంకో మాట. ఎటు పోతోందో నా నోట్‌బుక్ చెప్పలేకపోయింది.

ఒక శనివారం ప్రాక్టీస్‌కి వచ్చినవాళ్లలో ఆ థర్మామీటర్లని పట్టించుకున్నది ఒక్కరే. వెనక వరసలో నిలబడి బేస్ గొంతుతో పాడే అంకుల్. డెబ్బై దాటాయి. మూడేళ్లుగా తెలుసు కానీ, ఆయనతో నేను మాట్లాడిందల్లా "ప్రైజ్ ద లార్డ్ అంకుల్, టీ తీసుకోండి" అన్నంతవరకే. ఈ ఊళ్లోనే కూతురి ఇంట్లో ఉంటారు. కూతురు దింపి వెళ్తుంది, మళ్లీ వచ్చి తీసుకెళ్తుంది. పాటలయ్యాక అందరూ టీకి పైకి వెళ్లినా ఆయన వెళ్లలేదు. గోడ దగ్గర వంగి అంకె చదువుతున్నారు.

"ఇవెవరు పెట్టారమ్మా?" అన్నారు.

"నేనే అంకుల్. సీలింగ్‌కి ఇన్సులేషన్ చేయించాలా వద్దా అని చూస్తున్నాను."

"ఇన్సులేషనా?" ఆయన నిటారుగా నిలబడ్డారు. "నేను ముప్ఫై రెండేళ్లు చేసింది అదేగా. గుంటూర్లో కోల్డ్ స్టోరేజీ. మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, పెడతారే, అది. మిషన్ రూం అంతా నేనే చూసేవాణ్ణి."

నలభై అయిదు డిగ్రీల సెల్సియస్ ఎండలో మిర్చిని మంచులా చల్లగా కాపాడిన మనిషి, మూడేళ్లుగా మా పాటల్లో వెనక నిలబడి ఉన్నాడన్నమాట. నోట్‌బుక్ తెచ్చి ఆయన చేతికిచ్చాను. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి, ఒక్కో పేజీ వేలితో చదివారు. పైనుంచి మా అమ్మాయి టీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచింది.

"కొలవడం బాగానే కొలిచావు," అన్నారు చివరికి. "గాలిని చూళ్లేదు. చలి సగం గాలితోనే వస్తది. గాలి బాగా వీచే రోజు నాకు ఫోన్ చెయ్యి. ఒక అగరొత్తుల కట్ట తెచ్చిపెట్టు."

జీవితంలో మొదటిసారి అగరొత్తులు కొన్నాను. ఇండియన్ స్టోర్‌లో క్యూలో నిలబడితే వెనక మా పాస్టరమ్మగారు. ఆవిడ చూపు నా బుట్టలో పడింది. "ఇంట్లో గాలి ఎటు వస్తుందో చూడ్డానికండీ," అన్నాను. ఆవిడ కట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "సువాసన లేనివి కూడా ఉంటాయేమో అడగమ్మా," అన్నారు.

గురువారం థాంక్స్‌గివింగ్ పండగ, మర్నాడు శుక్రవారం కూడా ఆఫీసు లేదు. పొద్దున్నుంచీ ఈదురుగాలి కొడుతోంది. ఫోన్ చేసిన అరగంటలో అంకుల్ దిగారు. మంకీ క్యాప్, కోటు, చేతిలో చిన్న స్క్రూడ్రైవర్. మావారికి డ్యూటీ లేని రోజు కాబట్టి ఆయనా కిందికి వచ్చారు. మా అమ్మాయికి అగరొత్తి వెలిగించే పని దొరికింది.

ముందు పైకప్పు. దూలాల మధ్య ఒక్కోచోట అగరొత్తి పట్టుకుని నిలబడ్డాం. పొగ తిన్నగా, నిదానంగా పైకి పోయింది. ఎక్కడా కదలిక లేదు. తర్వాత అంకుల్ దాన్ని గోడ పై అంచుకి తీసుకెళ్లారు. పునాది గోడ అయిపోయి, దాని మీద ఇంటి చెక్క ఆనుకునే చోటది. పొగ అక్కడికి వెళ్లగానే ఎవరో ఊదినట్టు గదిలోకి వంగింది. మా అమ్మాయి "వో" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చూశావా తల్లీ, అదీ దొంగ," అన్నారు అంకుల్.

ఇక మమ్మల్ని ఆపేవాళ్లు లేకపోయారు. ఇంటి చుట్టుకొలత అంతా అడుగడుగునా వెళ్లాం. పొగ వంగిన ప్రతిచోటా నేను పసుపు టేపు ముక్క అంటించాను. పాత యజమాని వదిలేసిన ఇనప అల్మరా జరిపితే, వెనక గోడలో పిడికిలంత కన్నం. ఎప్పటిదో బట్టలు ఆరబెట్టే మిషన్ గొట్టం తీసేసి, కన్నంలో పేపర్లు కుక్కి వదిలేశారు. పేపర్లు లాగితే బయటి గడ్డి కనపడింది. మేం నెలంతా గ్యాసు కాల్చి ఆ గడ్డిని వెచ్చబరుస్తున్నామన్నమాట. మావారు నేల మీద కూర్చుని ఆ కన్నంలోంచి బయటికి చూస్తూ, "పక్కింటివాళ్ల ట్రాష్ డబ్బా కనపడుతోంది," అన్నారు, ఎంతో సంతోషంగా.

నా ఉత్సాహం హద్దు దాటింది. ఫర్నేస్ గది మూల ఇంకో గొట్టం కనిపించింది. నాలుగంగుళాల వెడల్పు, మూత లేదు, చల్లటి గాలి ధారగా వస్తోంది. చేతికి దొరికిన పాత టవల్ చుట్టి అందులో దూర్చబోయాను.

అంకుల్ నా మణికట్టు పట్టుకున్నారు. "ఆగు. ఈ కన్నం ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?"

"తెలీదు అంకుల్."

"తెలీనిదాన్ని ముయ్యగూడదు. మా మిషన్ రూంలో అమ్మోనియా ఉండేది. ఒకసారి చల్లగాలి వస్తందని ఒకడు కిటికీకి గోనెసంచి కట్టాడు. మర్నాడు పైపు లీకై ఇద్దరు పడిపోయారు. బతికారులే. ముందు కనుక్కో."

సోమవారం గ్యాస్ టెక్నీషియన్‌ని పిలిస్తే, అది ఫర్నేస్ మంట సరిగ్గా మండటానికి కావాలని పెట్టిన గాలి గొట్టమని చెప్పాడు. మూసేస్తే విషవాయువు ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉందన్నాడు. ఆ వాయువు వస్తే మోగే అలారంలు పని చేస్తున్నాయో లేదో కూడా చూసి వెళ్లాడు. అతను వెళ్లగానే ఆ టవల్ తీసి చెత్తబుట్టలో పడేశాను.

ఆ శుక్రవారమే, టేపు ముక్కలన్నీ అంటించాక, నలుగురం మెట్ల మీద కూర్చుని ఉప్మా తిన్నాం. అప్పుడు అంకుల్ అడిగిన ప్రశ్న ఆ నెల రోజుల్లో నన్నెవరూ అడగనిది.

"అమ్మాయ్, ఈ గది మీ ఇంటి లోపలా, బయటా?"

"అదేంటి అంకుల్, ఇంట్లోనే కదా."

"అట్టా కాదు. కోల్డ్ స్టోరేజీ కట్టేటప్పుడు మొదట తేల్చుకునేది ఇదే. ఏది లోపల, ఏది బయట. ఆ రెంటి మధ్యే థర్మాకోల్ పెట్టాలి. పైకప్పుకి పెడితే ఈ గది బయటే. ఇంకా చల్లబడిపోద్ది. అదిగో, నీ నీళ్ల పైపులు, వేడి గాలి గొట్టాలు ఈ గదిలోనే ఉన్నాయి. పైపుల్లో నీళ్లు గడ్డకట్టినా కట్టొచ్చు. గోడలకి పెడితే ఈ గది లోపల. నువ్వేమంటావో అది."

నేను చుట్టూ చూశాను. ఒక మూల పద్నాలుగు మడత కుర్చీలు, కీబోర్డు మీద కప్పిన దుప్పటి, గోడకి అంటించిన పాటల కాగితాలు. నా జీతం తప్ప నాదంటూ చెప్పుకోవడానికి ఈ దేశంలో ఏముందని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ క్షణాన నాకు తెలిసిపోయింది.

"లోపల," అన్నాను.

"లోపలే," అన్నారు మావారు. "కానీ నా నిద్ర సంగతి?"

అదొకటి మిగిలింది. చప్పుడు కోసమైనా పైకప్పు వేయించాలి కదా అని మావారి వాదన. దాన్నీ కొలుద్దాం అన్నాను నేను.

మర్నాడు శనివారం ప్రాక్టీస్‌కి క్వయర్ అంతా వచ్చాక సంగతి చెప్పాను. నా అంత ఉత్సాహం వాళ్లకీ పుట్టింది. మావారు పైన మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్నారు. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుంది. మేం కింద క్రిస్మస్ పాట ఎత్తుకున్నాం. ఒక చరణం అయ్యాక ఫోన్‌లో అడిగాను.

"డాడీ చెప్తున్నారు, ఆల్టో పాడే ఆంటీల వాయిస్ బాగా వినిపిస్తుంది," అంది మా అమ్మాయి. "సీలింగ్ నుంచి కాదు అమ్మా. ఫ్లోర్‌లో వెంట్ ఉంది కదా, అక్కడ నుంచి. రేడియో లాగా వస్తుంది."

వేడి గాలి గొట్టమే మా పాటల్ని తిన్నగా మంచం దగ్గరికి మోస్తోంది. దూలాల మధ్య ఎంత దూది కూరినా ఆ దారి తెరిచే ఉండేది. క్వయర్‌ని గది అవతలి కొసకి జరిపి మళ్లీ పాడాం. ఇప్పుడు తక్కువ వినిపిస్తోందట. మెట్ల పైనున్న తలుపు మూసి పాడాం. ఇంకా తక్కువ. చివరికి పాట ఆపేసి, కుర్చీలు సర్దుతుంటే ఫోన్‌లో మావారి గొంతే వచ్చింది.

"అది. అదే. ఇప్పుడు చేస్తున్నారే, అది."

"ఏదండీ?"

"ఆ కుర్చీలు ఈడవడం. నన్ను ప్రతి శనివారం లేపేది అదే. పాటలు కాదు."

కింద పద్నాలుగు మందీ ఒక్కసారి నవ్వారు. కాంక్రీటు నేల మీద ఇనప కుర్చీ కాళ్లు. ఇన్ని వారాలుగా మేం మా గొంతులు తగ్గించుకుని పాడుతున్నాం.

ఆ మరుసటి వారమే కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి పైకప్పు వద్దన్నాను. అతను కాస్త విసుక్కున్నాడు. గోడలకి ఫోమ్ పలకలు బిగించి వాటిమీద డ్రైవాల్ కొట్టే పని ఇంకొకరికి ఇచ్చాం. టౌన్‌షిప్ ఆఫీసు నుంచి పర్మిట్ వచ్చేసరికి డిసెంబర్ రెండో వారమైంది. దూలాల చివర్లు గోడ మీద ఆనే చోట సందులు మూసే పని మాత్రం రెండు శనివారాల్లో మేమే చేసుకున్నాం.

ఆ రెండు శనివారాలూ నా జీవితంలో మంచి రోజులు. ప్రతి సందు కొలత వేరు. నేను టేపుతో కొలిచి అరిచేదాన్ని, అంకుల్ నా కూరగాయల కత్తితో ఫోమ్ పలకని మైసూర్‌పాక్ కోసినట్టు కోసేవారు. మావారు నిచ్చెనెక్కి ముక్కని బిగించేవారు, మా అమ్మాయి స్ప్రే డబ్బాలోంచి ఆరితే గట్టిపడే నురగ కొట్టి అంచులు మూసేది. తను పనిలో చేరిన కొత్తలో కోల్డ్ స్టోరేజీల్లో గోడల మధ్య ఊక పోసేవాళ్లనీ, ఎలుకలు పడితే ఊక అంతా తీసి మళ్లీ పోయాల్సి వచ్చేదనీ అంకుల్ చెప్తుంటే, మా అమ్మాయి "వెయిట్, రైస్ హస్కా? రియల్లీ తాతయ్యా?" అని అడిగి మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. ఒక మూల నేను తల పైకెత్తి చూస్తుండగా నురగ నా జుట్టు మీద పడింది. అది దేనికీ వదలదు. నుదుటి మీది జుట్టు నాలుగంగుళాలు కత్తిరించుకోవాల్సి వచ్చింది. క్రిస్మస్ ఫోటోలన్నిటిలో నేను అలాగే ఉన్నాను.

కుర్చీ కాళ్లకి టెన్నిస్ బంతులు కోసి తొడిగాం. మెట్ల తలుపు అంచుకి రబ్బరు పట్టీ వేశాం. నిద్ర సంగతి అంతటితో తీరిపోయింది.

అంతా అనుకున్నట్టే జరిగిందని చెప్పను. గోడల పని క్రిస్మస్‌కి పూర్తి కాలేదు. ఒకవైపు గోడ అలాగే ఉండగానే అసలు చలి వచ్చింది. బయట తొమ్మిది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, నీళ్లు గడ్డకట్టే చలికి, పడిపోయిన పొద్దున నేను కళ్లు తెరవగానే కిందికి పరిగెత్తాను. బేస్‌మెంట్ నేల దగ్గర అరవై ఒకటి. మూడు గోడలతోనే. నేను మెట్ల మీంచే మావారిని పిలిచాను. ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నారు. హాల్లో ఉత్త కాళ్లతో నాలుగడుగులు వేసి, ఆగి, నేలకేసి చూసుకుని, ఇంకో నాలుగడుగులు వేశారు. "నాకు కాఫీ కూడా అక్కర్లేదు," అన్నారు.

జనవరిలో నాలుగో గోడ కూడా అయ్యాక జరిగిన మొదటి ప్రాక్టీస్ రోజున అంకుల్ కూతురు ఆయన్ని తీసుకెళ్లడానికి ఎప్పటిలా బయట కారులో కూర్చోకుండా లోపలికి వచ్చింది. నా వయసే ఉంటుంది, ఐటీలో మేనేజర్. మేం ఇంకా పాడుతూనే ఉన్నాం. వాళ్ల నాన్న స్వెటర్ విప్పేసి, చొక్కా చేతులు మడుచుకుని, అందరికంటే గట్టిగా పాడుతున్నారు. పాట అయ్యాక ఆయన ఆమెని చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లారు. గోడ లోపల ఏముంది, అది ఎందుకంత మందం, గాలి ఎక్కడ ఆగింది, నీటి ఆవిరి ఎటు పోతుంది, అంతా చెప్పుకుంటూ పోయారు. టీలు అయిపోయాయి, సగం మంది వెళ్లిపోయారు. ఆమె అలా నిలబడి వింటూనే ఉంది.

"నాన్నా, ఇవన్నీ నీకు తెలుసని నాకు తెలీదు," అంది.

"నువ్వు పుట్టినప్పుడు నేను మిషన్ రూంలోనే ఉన్నాను. కబురు అక్కడికే వచ్చింది," అన్నారాయన. తర్వాత కాస్త మొహమాటంగా నా వైపు చూశారు.

ఆమె గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది. "మా ఇంట్లో పైకప్పు అటిక్ కింది గది ఎప్పుడూ చల్లగానే ఉంటుందండీ," అంది నాతో. "పిల్లాడు హీటర్ పెట్టుకుని పడుకుంటాడు. నాన్నని ఒక్కసారి కూడా అడగలేదు."

అంకుల్ అప్పటికే కోటు తొడుక్కుంటున్నారు. "గాలి రేపొద్దున బాగా వీస్తదంట, వార్తల్లో చెప్పారు. చర్చి నుంచి రాగానే మొదలుపెడదాం," అని కూతురి కంటే ముందే మెట్లెక్కారు.